నడిపేది కొడుకు.. బండి నాన్న పేర.. మరి బీమా ఎవరికి?

తెల్లవారుజామున అయిదింటికి ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర నిలబడి చూడండి. భువనగిరి, బీబీనగర్, ఘట్‌కేసర్ వైపు నుంచి వరంగల్ రోడ్డు మీద బండ్లు ఒకదాని వెనక ఒకటి వస్తూనే ఉంటాయి. పాలక్యాన్లు కట్టిన ఎక్సెల్ మోపెడ్లు, ఆకుకూర మూటలతో ట్రాలీ ఆటోలు, టమాటా బాక్సులు పేర్చిన నాలుగు చక్రాల చిన్న బండ్లు. ఇంకో గంట ఆగితే నాచారం, మల్లాపూర్ ఫ్యాక్టరీలలో పొద్దుటి షిఫ్టుకు పోయే కుర్రాళ్ల మోటారు సైకిళ్లు మొదలవుతాయి. నడిపేవాళ్లలో చాలామంది ఇరవై, ఇరవై రెండేళ్ల పిల్లలే. ఆరా తీస్తే రెండెకరాలు, మూడెకరాలు ఉన్న రైతుల బిడ్డలు.

బండి ఎవరి పేర ఉందని అడిగితే "నాయిన పేర" అంటారు. ఇన్సూరెన్స్ సంగతి ఎత్తితే "షోరూంల కట్టిండ్రు గద సారూ, అయిదేండ్లదాక ఫికర్ లేదన్నరు" అంటారు. అంతకు మించి తెలిసినవాడు పదిమందిలో ఒకడు దొరికితే గొప్ప. ఎరువుల బస్తా మీద ధర, తయారీ తేదీ చూడకుండా కొనని రైతు కూడా బండి పాలసీ కాగితాన్ని మడత విప్పకుండా డిక్కీలో పడేస్తాడు. ఆ కాగితంలో ఏముందో, కుర్రాడి చేతికి బండి ఇచ్చే ఇంట్లో తక్కువ ఖర్చుతో బీమా ఎలా చేసుకోవాలో ఈ వారం చూద్దాం.

వయసుకు వేరే రేటు లేదు

ముందుగా ఒక అనుమానం తీర్చుకోండి. అమెరికాలో చదువుకునే మన పిల్లలు కారు కొంటే ఇన్సూరెన్స్ వాచిపోతుందని ఫోన్లలో చెబుతుంటారు. అది నిజమే. అక్కడ చాలా రాష్ట్రాల్లోనూ, ఇంగ్లాండులోనూ పాతికేళ్ల లోపు వాడు నడుపుతాడంటే ప్రీమియం బాగా పెంచేస్తారు. ఆ మాట విని ఇక్కడ కూడా "కుర్రాడి పేర బండి తీసుకుంటే ఇన్సూరెన్స్ ఎక్కువవుతుంది, నీ పేరే పెట్టు" అని సలహా ఇచ్చేవాళ్లు తయారయ్యారు. ఏజెంట్లలో కూడా అలా చెప్పేవాళ్లున్నారు.

మన దేశంలో చట్టం తప్పనిసరి చేసింది థర్డ్ పార్టీ బీమా. దాని రేటు కంపెనీ చేతిలో లేదు, ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. ఆ రేటుకు ఇంజిన్ సీసీ ఎంతన్నదే లెక్క. నడిపేవాడి వయసు ఇరవై అయినా అరవై అయినా ఒక్కటే. 2022 జూన్ 1 నుంచి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 75 సీసీ లోపు ద్విచక్ర వాహనానికి ఏడాదికి 538 రూపాయలు, 75 నుంచి 150 సీసీ దాకా 714, ఆపైన 350 సీసీ దాకా 1,366, అంతకు మించితే 2,804. వీటి మీద 18 శాతం జీఎస్టీ. మన ఊళ్లలో తిరిగే బండ్లు నూటికి తొంభై రెండో వరుసలోనే పడతాయి. స్ప్లెండర్, షైన్, యాక్టివా, ఎక్సెల్ 100 అన్నీ అందులోవే. జీఎస్టీతో కలిపి 843 రూపాయలు. ఏ కంపెనీకి పోయినా, ఏ ఏజెంటును పట్టుకున్నా ఇది మారదు. తక్కువకు ఇప్పిస్తానని ఎవరైనా అన్నాడంటే ఆ పాలసీ కాగితాన్ని అనుమానించండి.

మీసాలు రాగానే బుల్లెట్టు కావాలని పట్టుబట్టే అబ్బాయికి ఒక మాట చెప్పొచ్చు. 150 సీసీ దాటగానే ఈ ఖర్చు దాదాపు రెట్టింపు అవుతుంది. బ్యాటరీ బండికైతే తగ్గుతుంది. 3 కిలోవాట్ల లోపు మోటారుకు 457, ఆపైన 7 కిలోవాట్ల దాకా 607.

843 రూపాయలు కట్టకపోతే

కట్టకపోతే పోలీసులు పట్టుకుంటారన్న భయం ఒక్కటే చాలామందికి ఉంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో బీమా లేని బండికి మొదటిసారి 2,000 రూపాయల జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ అని ఉంది. మళ్లీ దొరికితే 4,000. అది చిన్న సంగతి. పెద్ద సంగతి వేరే ఉంది.

ఒక లెక్క వేద్దాం. మీ అబ్బాయి బండి తగిలి ముప్పై ఏళ్ల మేస్త్రీ ఒకాయన చనిపోయాడనుకోండి. నెలకు 15,000 సంపాదించేవాడు. భార్య, ఇద్దరు పిల్లలు. నష్టపరిహారం ఎంతన్నది ట్రిబ్యునల్ తోచినట్టు చెప్పదు. సుప్రీంకోర్టు 2009లో, 2017లో ఇచ్చిన తీర్పులతో దానికి ఒక పద్ధతి ఏర్పడింది. ఏడాది సంపాదన 1,80,000. మున్ముందు పెరిగే ఆదాయం కింద నలబై శాతం కలిపితే 2,52,000. ఆయన సొంత ఖర్చు కింద మూడో వంతు తీసేస్తే 1,68,000. ఆయన వయసును బట్టి దాన్ని పదిహేడుతో హెచ్చించాలి. మొత్తం 28,56,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకు ఇచ్చేది, వడ్డీ దీనికి అదనం.

బీమా ఉంటే ఈ డబ్బు కంపెనీ కడుతుంది. లేకపోతే బండి ఎవరి పేర ఉందో ఆయన కట్టాలి, నడిపినవాడు కట్టాలి. కట్టకపోతే చట్టంలోని 174వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ కలెక్టరుకు సర్టిఫికెట్ పంపవచ్చు. కలెక్టరు దాన్ని భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేస్తారు. శిస్తు బకాయి అంటే రైతుకు వేరే చెప్పాలా? తాత, ముత్తాతల నుంచి వచ్చిన రెండెకరాలూ 843 రూపాయల రసీదు లేనందుకు వేలానికి రావచ్చు. అటువైపు మేస్త్రీ భార్యకు కూడా ఆ రసీదే దిక్కు. మీ దగ్గర డబ్బు లేకపోతే ఆమెకు తీర్పు కాగితమే మిగులుతుంది.

షోరూంలో కట్టింది ఏమిటి?

"అయిదేండ్ల ఫికర్ లేదు" అన్న మాటలో సగమే నిజం. సుప్రీంకోర్టు ఆదేశంతో 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త మోటారు సైకిల్‌కు అయిదేళ్లు, కొత్త కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టించుకుంటున్నారు. 75 నుంచి 150 సీసీ బండికి ఈ అయిదేళ్ల మొత్తం 3,851 రూపాయలు, జీఎస్టీ అదనం. ఇది ఎదుటివాడికి జరిగే నష్టం కోసం. మీ బండి పోయినా, పగిలినా వచ్చే ఓన్ డ్యామేజి బీమా మాత్రం మామూలుగా ఒక్క ఏడాదికే ఉంటుంది. రెండో ఏడు బండి దొంగతనానికి పోతే రూపాయి రాదు. కాగితంలో ఈ రెంటికీ వేర్వేరు తేదీలు ఉంటాయి, చూసుకోండి.

ఇంకొకటి. షోరూం వాళ్లు చూపించిన కంపెనీలోనే తీసుకోవాలని ఎక్కడా లేదు. బయట నుంచి పాలసీ తెచ్చుకుంటానని ధైర్యంగా చెప్పొచ్చు. థర్డ్ పార్టీ రేటు ఎక్కడైనా ఒకటే గానీ ఓన్ డ్యామేజి రేటు 2007 నుంచి కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒకే బండికి ఒకరు చెప్పిన ధరకూ ఇంకొకరు చెప్పిన ధరకూ తేడా ఉంటుంది. రెండు మూడు చోట్ల అడిగితే పోయేదేమీ లేదు. నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా, ఈ నాలుగూ ప్రభుత్వ కంపెనీలు. ప్రైవేటువి చాలా ఉన్నాయి. ఊళ్లో కామన్ సర్వీస్ సెంటర్ ఉంటే అక్కడ కూడా బండి ఇన్సూరెన్స్ చేస్తారు.

నాన్న పేర బండి ఉంటే కొడుకుకేమీ రాదు

ఇదే అసలు కిటుకు. దయచేసి రెండుసార్లు చదవండి.

థర్డ్ పార్టీ అంటే మూడో మనిషి. పాలసీ తీసుకున్నవాడు మొదటివాడు, కంపెనీ రెండోది, దెబ్బ తగిలిన బయటివాడు మూడో మనిషి. బండి తనంతట తాను జారిపడి నడిపేవాడికే దెబ్బ తగిలితే థర్డ్ పార్టీ బీమా పలకదు. అందుకే పాలసీతో పాటు సొంతదారుకు ప్రమాద బీమా అని ఒకటి కలిపారు. 2018 సెప్టెంబరులో దీన్ని 15 లక్షలకు పెంచారు. అప్పుడు ఏడాదికి 750 రూపాయలు పెట్టారు. 2019 జనవరి నుంచి దీన్ని విడిగా కొనుక్కోవచ్చన్నారు. ఇప్పుడు కంపెనీని బట్టి ధర మారుతుంది, అడిగి తీసుకోండి.

ఆ 15 లక్షలు ఎవరికి? ఆర్‌సీలో పేరున్న యజమానికి మాత్రమే, అదీ ఆయన నడుపుతున్నప్పుడు, ఆయనకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటేనే. ఇప్పుడు మన ఇళ్లకు రండి. బండి నాన్న పేర ఉంది. నాన్నకు లైసెన్సే లేదు, అసలు బండి నడపడు. నడిపేది కొడుకు. ఈ బీమా నాన్నకూ పనికిరాదు, కొడుకుకూ పనికిరాదు. యజమాని బండిని అడిగి తీసుకుని నడిపినవాడు యజమాని కిందే లెక్క గానీ మూడో మనిషి కాడని సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో, 2020లో మరో తీర్పులో చెప్పింది. అంటే తన పొరపాటుతో పడిపోయిన కొడుకు తరఫున నాన్న బండి పాలసీ మీద కేసు వేసినా నిలవడం కష్టం.

దీనికి రెండు దారులున్నాయి. రోజూ నడిపేది కొడుకే అయితే, అతనికి పద్దెనిమిది నిండి లైసెన్సు ఉంటే, బండి అతని పేరనే తీసుకోండి. వయసు తక్కువని థర్డ్ పార్టీ ప్రీమియం పెరగదని పైన చూశాం గదా. పాత బండి అయితే 29, 30 నంబరు ఫారాలతో ఆర్టీఏలో పేరు మార్పించుకుని, ఇన్సూరెన్స్ కూడా అతని పేరకు మార్పించాలి. అలా వీలుకాకపోతే బండి మీ పేరనే ఉంచి, కొడుకు పేర విడిగా వ్యక్తిగత ప్రమాద బీమా తీసుకోండి. అది ఏ బండి నడిపినా, బస్సులో పోయినా, నడిచి పోయినా వర్తిస్తుంది. 15 లక్షలకు తీసుకుంటే రేపు అతని పేర బండి కొన్నప్పుడు మళ్లీ యజమాని బీమా కట్టనక్కర్లేదు. ఒకరి పేరే రెండు బండ్లుంటే కూడా ఈ బీమా ఒక్కటి చాలు. రెండు పాలసీలలో రెండుసార్లు కడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తీసేయమని అడగండి, తీసేస్తారు.

ఒక జాగ్రత్త. ఈ ప్రమాద బీమా ప్రాణం పోతేనో, కాలు చెయ్యి కంటిచూపు శాశ్వతంగా పోతేనో వస్తుంది. కాలు విరిగి అతుక్కుంటే ఆసుపత్రి బిల్లు ఇందులో రాదు. తాగి నడిపితే అసలే రాదు.

ఇక ఏడాదికి 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన సంగతి. 2015లో 12 రూపాయలతో మొదలై 2022 జూన్ నుంచి 20 అయింది. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లకు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. బ్యాంకు ఖాతాలోంచి కోసుకుంటారు. జూన్ 1 నుంచి మే 31 దాకా లెక్క గనుక మే నెలాఖరులో ఖాతాలో 20 రూపాయలు ఉండేటట్టు చూసుకోవాలి. ఇంట్లో పద్దెనిమిది నిండిన ప్రతివారికీ చేయించండి. ఒక పూట టీ ఖర్చు.

"మాకు రైతు బీమా ఉంది గద" అని కొందరు నిశ్చింతగా ఉంటారు. 2018 ఆగస్టులో మొదలైన ఆ పథకం 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారుకే, అంటే పాస్‌బుక్కులో పేరున్నవారికే. భూమి మీ పేర ఉండి బండి కొడుకు నడుపుతుంటే ఆ 5 లక్షలు అతనికి వర్తించవు.

వెనక కూర్చున్నవాళ్ల సంగతి

మీరు మార్కెట్టుకు కొడుకు బండి వెనక కూర్చుని పోతారు. బండి గోతిలో పడి మీకు దెబ్బ తగిలింది. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్నవారికి అది వర్తించదని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. ఓన్ డ్యామేజి కూడా కలిసిన ప్యాకేజీ పాలసీ అయితే వెనక మనిషికీ వర్తిస్తుంది. బీమా నియంత్రణ సంస్థ 2009 నవంబరులోనే కంపెనీలకు ఈ సంగతి స్పష్టం చేసింది. ఉప్పల్, నారపల్లి మధ్య ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగిన ఆ రోడ్డు మీద, దుమ్ములో, గుంతల్లో వెనక కూర్చుని వచ్చినవాళ్లకు ఈ తేడా ఎందుకు చెబుతున్నానో అర్థమవుతుంది. థర్డ్ పార్టీ ఒక్కటే కడితే వెనక సీటుకు ప్రమాద బీమా విడిగా కలపమని అడగండి. కొద్ది మొత్తమే అదనంగా పడుతుంది.

పదహారేళ్లవాడికి ఎక్సెల్ ఇవ్వొచ్చా?

ఇవ్వొద్దు. "ఎక్సెలే గదా, దానికి లైసెన్స్ ఎందుకు" అనే మాట ఊళ్లల్లో ఇంకా ఉంది. పదహారేళ్లు నిండినవారికి చట్టం అనుమతించేది 50 సీసీ లోపు బండ్లకే. పాత ఎక్సెల్ కూడా 50 సీసీకి పైనే, ఎక్సెల్ 100 అయితే చెప్పనక్కర్లేదు. పద్దెనిమిది నిండనివాడు బండి నడిపి దొరికితే 2019 సవరణలో చేర్చిన 199ఎ సెక్షన్ కింద తండ్రి మీదనో బండి యజమాని మీదనో కేసు పెడతారు. మూడేళ్ల వరకు జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు. ఆ పిల్లవాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. డ్రైవింగు మీద బతకాలనుకునే కుర్రాడికి ఇదే పెద్ద శిక్ష.

లైసెన్సు లేనివాడు నడిపితే బీమా ఉన్నా గండం తప్పదు. దెబ్బ తిన్నవారికి ముందు కంపెనీ చేత కట్టించి, ఆ డబ్బును బండి యజమాని దగ్గర వసూలు చేసుకొమ్మని కోర్టులు చెబుతుంటాయి. 2004లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి ఆధారం. ప్రీమియం కట్టీ భూమి అమ్ముకోవడమన్న మాట. లైసెన్సు గడువు తీరిపోయినా ఇదే తంటా, కాబట్టి ఆ తేదీ కూడా చూసుకోండి.

రవాణా బండి, అంటే పసుపు బోర్డు బండి నడపాలంటే ఇరవై నిండాలి. నాలుగు చక్రాల చిన్న ట్రాలీ నడిపే పిల్లలకు ఒక మంచి కబురుంది. మామూలు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనం నడపడానికి విడిగా ట్రాన్స్‌పోర్టు ముద్ర అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఈ ముద్ర లేదన్న సాకుతో కంపెనీలు ఏళ్ల తరబడి క్లెయిములు ఎగవేస్తూ వచ్చాయి. ఎవరైనా ఏజెంటు ఇప్పటికీ అదే పాట పాడితే ఈ తేదీ చెప్పండి.

బండి కొనేముందే బీమా లెక్క

కూరగాయలు వేసుకోవడానికి మూడు చక్రాల ట్రాలీ ఆటోనా, నాలుగు చక్రాల చిన్న బండా అని తర్జనభర్జన పడే కుటుంబాలు లోను కిస్తీ, డీజిల్ లెక్క వేస్తాయిగానీ బీమా లెక్క వేయవు. 2022 రేట్లలో మూడు చక్రాల సరుకు బండికి థర్డ్ పార్టీ 4,492 రూపాయలు. నాలుగు చక్రాల సరుకు బండికి 7,500 కిలోల దాకా 16,049 రూపాయలు. చిన్న బండి అయినా ఆ వరుసలోనే పడుతుంది. మొదటి ఏడు లోనుతో కలిపి కట్టేస్తారు కాబట్టి తెలియదు. రెండో ఏడు ఒక్కసారి నెత్తిన పడుతుంది. అప్పుడే చాలామంది ఎగ్గొడతారు. నెలకు పదమూడు, పద్నాలుగు వందలు పక్కన పెట్టుకోగల గిరాకీ ఉందా అని ముందే చూసుకోండి. వారానికి రెండు ట్రిప్పులే ఉంటే కిరాయి బండి పెట్టుకోవడమే నయమని నాకనిపిస్తుంది.

సరుకు బండిలో మనుషుల సంగతి జాగ్రత్త. తన సరుకుతో పాటు క్యాబిన్‌లో కూర్చుని పోయే రైతుకు బీమా వర్తిస్తుంది. 1994 నవంబరులో అమలులోకి వచ్చిన సవరణతో సరుకు యజమానినీ, ఆయన పంపిన మనిషినీ చట్టంలో చేర్చారు. అలా పోయేటప్పుడు సరుకు మీదేనని చూపే చీటీ ఏదైనా జేబులో ఉంచుకోండి. కానీ పెళ్లికో జాతరకో డీసీఎంలో, ట్రాలీలో ఎక్కించుకున్న చుట్టాలకు ఏమీ రాదు. అది సరుకు బండి, ప్రయాణికుల బండి కాదని కోర్టులు ఎప్పుడో తేల్చాయి. ఎత్తీ దించే కూలీల కోసం, డ్రైవరు కోసం తలకు కొద్ది రూపాయలు అదనంగా కడితే వాళ్లనూ చేర్చుకోవచ్చు. పాలసీ రాయించేటప్పుడే చెప్పాలి.

ట్రాక్టరు ఉన్నవారికి కూడా ఇదే హెచ్చరిక. ఇంజిన్‌కు బీమా చేసి ట్రాలీని వదిలేస్తారు. ట్రాలీని విడిగా చూపించి ప్రీమియం కట్టాలి. వ్యవసాయ పనికని రాయించిన పాలసీతో ఇటుకలు, ఇసుక కిరాయికి తోలితే, మడ్‌గార్డు మీద కూలీలను కూర్చోబెడితే, ఏదైనా జరిగినప్పుడు కంపెనీ చేతులెత్తేస్తుంది. నాట్ల సమయంలో ఆడకూలీలను ట్రాలీ నిండా ఎక్కించి ఇరవై రెండేళ్ల పిల్లవాడికి స్టీరింగ్ ఇచ్చేవారు ఈ మాట గుర్తుంచుకోవాలి.

నాచారంలో గది తీసుకుని బండి మీద డెలివరీ చేసే కుర్రాళ్లు, మనుషులను ఎక్కించుకుని కిరాయికి తిప్పే కుర్రాళ్లు మన ఊళ్లవాళ్లే. మామూలు సొంత బండి పాలసీలో "కిరాయికి వాడరాదు, వ్యక్తిగత సామాను తప్ప సరుకు మోయరాదు" అని షరతు ఉంటుంది. పనిలో పెట్టుకున్న సంస్థ ఏ బీమా ఇస్తుందో కాగితం మీద అడిగి తీసుకొమ్మని మీ అబ్బాయికి చెప్పండి. "ఉంటది అన్నరు" అన్న మాట క్లెయిముకు పనికిరాదు.

నాలుగు డబ్బులు మిగలాలంటే

ఓన్ డ్యామేజి మీదనే మిగుల్చుకోవచ్చు. బండి విలువ ఏడాది ఏడాదికీ తగ్గుతుంది. కంపెనీ లెక్కలో ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లకు 40, నాలుగేళ్లకు 50 శాతం కోత. పదిహేను వేలు కూడా చేయని పాత బండికి ఓన్ డ్యామేజి కట్టడం కన్నా థర్డ్ పార్టీ, మనిషికి ప్రమాద బీమా, ఈ రెండూ కట్టడం మేలు. కొత్త బండికి, లోను బండికి మాత్రం పూర్తి బీమా ఉండాలి. దొంగతనం జరిగితే బండీ పోయి, కిస్తీ మిగులుతుంది.

క్లెయిము చేయని ఏడాదికి బోనస్ తగ్గింపు ఇస్తారు. మొదటి ఏడుకు 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదేళ్లకు 50. ఇది ఓన్ డ్యామేజి మీదనే వస్తుంది. అద్దం పగిలిందని మూడొందలకు క్లెయిము వేస్తే ఇదంతా మళ్లీ మొదటికి వస్తుంది. గడువు తీరాక 90 రోజుల్లోగా కట్టకపోయినా బోనస్ పోతుంది. బోనస్ మనిషిది, బండిది కాదు. పాతది అమ్మి కొత్తది కొంటే కొత్తదానికి తెచ్చుకోవచ్చు.

హైదరాబాద్ రిజిస్ట్రేషన్ అయితే ఎక్కువ పడుతుందని, ఊరి అడ్రసు పెట్టమని చెప్పేవాళ్లున్నారు. 2002 నాటి మోటార్ టారిఫ్‌లో హైదరాబాద్‌ను పెద్ద నగరాల జోన్‌లో పెట్టిన మాట నిజమే. 150 సీసీ లోపు అయిదేళ్ల లోపు బండికి నగరంలో బండి విలువ మీద 1.708 శాతం, బయట 1.676 శాతం. 60,000 విలువైన బండికి లెక్క వేస్తే తేడా 19 రూపాయలు. దానికోసం అబద్ధపు అడ్రసు ఇచ్చి చిక్కు తెచ్చుకోకండి.

పాత బండి కొంటున్నారా? కొన్న 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరకు మార్చమని కంపెనీకి దరఖాస్తు ఇవ్వాలి. అమ్మిన మనిషి బోనస్ మీకు రాదు. అమ్మేవారు కూడా ఆర్‌సీ పేరు మారేదాకా వదలకండి. మీ పేర ఉన్నంతకాలం ఎవరు ఎక్కడ గుద్దినా నోటీసు మీ ఇంటికే వస్తుంది.

పాలసీ తీసుకున్నాక బండి నంబరు, ఇంజిన్ నంబరు, చాసిస్ నంబరు, పేరు ఆర్‌సీతో అక్షరం అక్షరం సరిపోయాయో లేదో చూడండి. మొదలయ్యే తేదీతో పాటు గంట కూడా రాసి ఉంటుంది. ఆ గంటకు ముందు జరిగినదానికి కంపెనీకి బాధ్యత లేదు. రోడ్డు పక్క గొడుగు కింద కూర్చుని తక్కువకు చేస్తామనేవారి దగ్గర నగదు ఇవ్వకండి. రెండు మూడు రోజులాగి పిల్లవాడి ఫోన్లో ఎం-పరివాహన్‌లో బండి నంబరు కొట్టి చూస్తే బీమా ఏ కంపెనీది, ఎప్పటిదాకా ఉందన్నది కనిపిస్తుంది. కనిపించకపోతే పాలసీ కాగితం పట్టుకుని నేరుగా ఆ కంపెనీ ఆఫీసుకే పోయి అడగండి.

క్లెయిము తిప్పలు పెడితే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. బీమా నియంత్రణ సంస్థ ఫోను 155255, లేదా 1800 4254 732. నెల దాటినా జవాబు రాకపోతే, వచ్చిన జవాబు నచ్చకపోతే, ఏడాదిలోగా బీమా అంబుడ్స్‌మన్‌కు రాసుకోవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి ఆ ఆఫీసు లకడీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారితే లకడీకాపూల్‌లో దిగొచ్చు. పాలసీ, ఆర్‌సీ, లైసెన్సు, కంపెనీకి ఇచ్చిన ఫిర్యాదు, వాళ్ల జవాబు, అయిదింటికీ జిరాక్సులు తీసుకుని పోండి.